తొమ్మిది గుమ్మడి పాదులు

మా బొల్లి మబ్బులు మేసేది. ఎండాకాలం గుట్ట మీద గడ్డి మాడిపోతే, కొండ కొమ్ముకు ఎక్కి, కిందుగా పోయే మబ్బును అంచు పట్టి లాగేది. ఒకసారి దాని నోట్లోంచి జారిన ముక్క ఊరి మీద పడి మూడు బావులు నిండాయి. నాలుగోది నిండలేదు. అది మా బావ అంజిలయ్యది. వాడు మబ్బుకు కూడా నచ్చడు.

నేనిట్లాంటివి చెబితే మా ఎర్రగట్టులో ఎవరూ నమ్మరు, ఎవరూ లేచిపోరు. డెబ్బై ఏళ్లుగా అట్లాగే సాగింది. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం మబ్బులు లేవు. బొల్లి ఉంది.

నల్లటి ఒళ్లు, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్ల మచ్చ. అందుకే బొల్లి అన్నాం. మందంతా గిట్టలు కుళ్లి కుంటిన ఏడాది కూడా అది నిటారుగా నడిచింది. దగ్గురోగం వచ్చినప్పుడు ఒక్కసారి తుమ్మి ఊరుకుంది. దాని తల్లీ అంతే, అమ్మమ్మా అంతే. మా కురుమవాడలో తొమ్మిది ఇళ్లు, తొమ్మిది మందలు. ప్రతి మందలోనూ అట్లాంటిది ఒక్కటే ఉండేది. ఆ గొర్రెలకు పొట్టేలు పిల్లలే ఎక్కువ పుట్టేవి. ఎప్పుడో ఒక ఆడపిల్ల పుట్టి ఏపుకొస్తే తల్లి బీరప్ప జాతరకు బలిగా పోయేది. రెండింటిని ఉంచుకోవడం మాలో లేదు.

మాలో లేనివి ఇంకో రెండున్నాయి. మందను వేలు పెట్టి లెక్కపెట్టం. ఎన్ని అని ఎవరైనా అడిగితే ఉన్నన్ని ఉన్నాయంటాం. పొద్దున మొఖాలు చూస్తాం, సాయంత్రం మొఖాలు చూస్తాం, తగ్గిన మొఖం తెలిసిపోతుంది. రెండోది, మందలో మేలైనదాన్ని కొత్తవాళ్ల కంట పడనీయం. దిష్టి తగులుతుంది. ఇంటి పక్కవాడికి కూడా దాని సంగతి చెప్పం. అందరికీ ఉందని అందరికీ తెలుసు, ఎవరిది ఏదో మాత్రం ఎవరూ అడగరు.

గొర్రెల డాక్టరమ్మ పోగుపెట్టె పట్టుకుని మా వాడకు వచ్చిన రోజు బుచ్చమ్మ బొల్లిని లోపలి అర్రలో జొన్నల గరిసె వెనక కట్టేసి, ముందు చిల్లుల దుప్పటి వేలాడదీసింది. బుచ్చమ్మంటే నా భార్య. ఆమె దాచింది దేవుడికి కూడా దొరకదు. ఆమె చేతిలో పోయిన నా చుట్టల కట్ట పన్నెండేళ్లయినా ఇంకా బయటపడలేదు.

డాక్టరమ్మ పేరు కమలిని. సన్నగా, అద్దాలు పెట్టుకుని, మాటకు ముందు నవ్వేది. పెట్టెకు అసలు పేరేదో నోరు తిరగనిది ఉంది. అది చేసే పని చూసి మేమే పోగుపెట్టె అని పిలిచాం. గొర్రె చెవి కొసన చిన్న గాటు పెట్టి ఒక చుక్క నెత్తురు గాజుబిళ్ల మీద వేస్తే, పెట్టె తెర మీద ఒక దారం మొలిచేది. ఇంకో గొర్రె, ఇంకో దారం. మందంతా అయ్యేసరికి తెర మీద ఒక గొంగడి నేసినట్టు ఉండేది.

"ఎర్ర పొట్టేళ్లను కలిపీ కలిపీ మీ నల్ల గొర్రెల జాతి పలచబడిపోతోంది పెద్దయ్యా. ఏది ఎంత మిగిలిందో ఇట్లా చదివి దాచుకుంటే, రేపు ఏదైనా పోయినా ఈ దారం నుంచే పిల్లను పుట్టించవచ్చు" అంది.

అంజిలయ్య కళ్లు చిట్లించి తెర దగ్గరికి పోయాడు. వాడు గొంగళ్లు నేసేవాడు.

"ఈడ పడుగు పలచబడ్డదమ్మా. ఈ రెండు ఒక్క పొట్టేలు పిల్లలు. ఈ మూడోది గూడ దానిదే."

డాక్టరమ్మ ఏవో మీటలు నొక్కి చూసింది. వాడు చెప్పిందే నిజం. "ఇది చదవడం నేర్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది" అంది.

"ఆరేండ్లు బడికి పంపేటోళ్లు లేక మేం పొద్దుగూకేలోపే నేర్చుకున్నమమ్మా" అన్నాను నేను.

ఆమె దగ్గర ఒక లావు పుస్తకం ఉండేది. పేజీకి రెండు గడులు. ఎడమవైపు పెట్టె చెప్పింది, కుడివైపు కాపరి చెప్పింది. మా తాత గొర్రె ఒకటి మబ్బులు మేసేదని నేను చెబితే అది కూడా కుడివైపు రాసుకుంది, నవ్వకుండా. నాకామె అప్పుడే నచ్చింది.

చివరికి అడిగింది. "ఇవేనా పెద్దయ్యా? ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉన్నన్ని ఉన్నయమ్మా."

"అన్నీ చదివించినట్టేనా?"

"అన్నీ."

గరిసె వెనక బొల్లి తుమ్మింది. బుచ్చమ్మ వెంటనే తాను తుమ్మింది. ఆ రోజంతా మా ఇంటిదానికి జలుబని డాక్టరమ్మ మాత్రలు కూడా ఇచ్చి పోయింది. తొమ్మిది ఇళ్లూ తిరిగింది. తొమ్మిది ఇళ్లలోనూ అదే ప్రశ్న, అదే జవాబు.

మా బిడ్డ మణెమ్మకు అప్పుడే మొగుడు పోయాడు. డాక్టరమ్మ ఆమెను రోడ్డు మీద ఉన్న తన కేంద్రానికి పనికి తీసుకుంది. అక్కడ పాలరంగు సంచులు వేలాడుతుండేవి. వేడినీళ్ల తొట్టెల మీద, పొట్లకాయల పందిరిలాగా. ఒక్కో సంచిలో ఒక్కో పిల్ల పెరిగేది. తల్లి లేదు, ఈనడం లేదు. పెట్టెలో దాచిన దారమే విత్తనం. మొదటి పిల్ల సంచిలోంచి బయటికొచ్చిన రోజు మణెమ్మ ఫోన్ చేసింది.

"నాయినా, పిల్ల బాగనే ఉంది గానీ లేస్తలేదు. డాక్టరమ్మ ఏడుపు మొఖం పెట్టింది."

"పిల్లను నాకాలె బిడ్డా. తల్లి నాకకుంటే పిల్లకు లేవాలని ఎట్ల తెలుస్తది?"

"నేనా?"

"గరుకు గొంగడి ముక్క తడిపి రుద్దు. నాలుక అట్లనే ఉంటది. రుద్దుకుంట మనం మందను పిలిచే పిలుపు పిలువు."

పిల్ల లేచింది. ఆనాటి నుంచి సంచి విప్పితే పక్కన మణెమ్మ ఉండాల్సిందే. పిల్లలు లేని నా బిడ్డకు తల్లిలేని గొర్రెపిల్లలు దొరికాయి. ఆమె గొంతులో నవ్వు విని చాలా నెలలైంది, అప్పుడు విన్నాను.

తర్వాతి వానలకు మన్నుజ్వరం వచ్చింది.

ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. నేలలో ఉంటుందన్నారు, గడ్డి వేళ్లను పట్టుకుని. మేసిన గొర్రె ఆరు రోజులు బాగానే ఉండేది. ఏడో రోజు ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టేది. తిరిగీ తిరిగీ పడేది. పడింది లేచేది కాదు. వారంలో మా మందలో సగం తిరిగాయి. మిగతా సగాన్ని కూడా ఉంచకూడదని, చుట్టూ పది ఊళ్లలో గొర్రె అన్నది మిగలకూడదని ఆర్డరు వచ్చింది. తెల్లటి బట్టల్లో తల నుంచి కాలి దాకా మూసుకున్నవాళ్లు సూదులు పట్టుకుని దిగారు. ఊరి బయట సున్నం గుంతలు తవ్వారు.

బొల్లి ఆ జ్వరం మందలోనే మసిలింది. అదే గడ్డి మేసింది. గుండ్రంగా తిరుగుతున్న పిల్ల మొఖం నాకింది. ఏడు రోజులు, పది, పదిహేను. దానికేమీ కాలేదు. సూదులవాళ్లు వస్తున్నారని తెలియగానే బుచ్చమ్మ దాన్ని మళ్లీ గరిసె వెనక్కి తోసింది.

డాక్టరమ్మ వాళ్ల వెంట వచ్చింది. మా వాడ మధ్యలో నిలబడి అందరినీ పిలిచింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏడవకండి. అన్నీ నా దగ్గర ఉన్నాయి. జ్వరం పోయాక మీ మందలను మీకు తెచ్చిస్తాను, మాట ఇస్తున్నాను. పెట్టె చదవకుండా మిగిలినవి ఏవైనా ఉంటే మాత్రం ఇప్పుడైనా చెప్పండి. ఒక్క చుక్క చాలు. బతికున్నప్పుడే తీయాలి. ప్రాణం పోయిన గంటకు నెత్తుటిలో పోగు విడిపోతుంది, ఇక ఏ పెట్టె కూడా చదవలేదు."

ఆమె పక్కనే సూదివాడు నిలబడి ఉన్నాడు, చేతిలో సూదితోనే. బొల్లి పేరు చెబితే చుక్క ఆమెకు, గొర్రె వాడికి. నాకు జ్వరం తగలని గొర్రె ఉంది. దాన్నెందుకు చంపించుకోవాలి? నాలుగు నెలలు అర్రలో దాచి, తర్వాత ఎక్కడి పొట్టేలునైనా కలిపితే, దాని కడుపున నా మంద మళ్లీ పుడుతుంది. నా లెక్క నాకు సరిగ్గానే ఉంది.

తల అడ్డంగా ఊపాను. పక్కన అంజిలయ్య ఊపాడు. పక్కింటి చెన్నమ్మ ఊపింది. తొమ్మిది తలలు.

మందలన్నీ సున్నం గుంతల్లోకి పోయిన మూడో రోజు సాయంత్రం, మామూలుగా మంద ఇంటికొచ్చే వేళకు, బొల్లి అరిచింది. వాడలో గొర్రె గొంతు లేక రెండు రోజులైంది. ఆ అరుపు ఇంటి పైకప్పు దాటి పోయింది. బుచ్చమ్మ పరుగెత్తి దాని మూతి పట్టుకుంది. అంతలో చెన్నమ్మ ఇంటి వైపు నుంచి ఇంకో అరుపు వచ్చింది. ఆ తర్వాత ఎక్కడో దూరంగా ఇంకోటి. బొల్లి అరుపే గోడలకు తగిలి తిరిగొస్తోందనుకున్నాను.

పొద్దున నల్లా దగ్గర చెన్నమ్మ నన్ను తేరిపార చూసింది. "నిన్న మాపటేల ఏదో అరిచింది, ఇన్నవా కూర్మన్నా?"

బొల్లి సంగతి పసిగట్టింది అనుకున్నాను. అబద్ధం చెప్పడానికి నేనెన్నడూ ఆలోచించింది లేదు, ఆ రోజూ ఆలోచించలేదు.

"ఇనకేం చెన్నమ్మా! సున్నం గుంతల నుంచి అరుస్తున్నయి. గంపెడు ప్రాణాలు ఒక్కసారి పోయినయి, ఊరుకుంటయా? మా తాత కాలంల గూడ గిట్లనే అయింది. చచ్చిన మంద ఇల్లిల్లు తిరిగి కాపరిని పిలుస్తది. ఏ ఇంట్ల నుంచి ఇనబడ్డా, ఏం అరుపని అడగొద్దు. అడిగినోళ్లను ఎంట దోలుకపోతయి."

చెన్నమ్మ చెంబు కింద పెట్టింది. "అవునన్నా, నాకు గూడ గట్లనే అనిపించింది" అంది. ఆమె ముఖంలో భయం లేదు. పెద్ద బరువు దించుకున్నట్టు ఉంది. అది నేనప్పుడు గమనించి ఉండాల్సింది.

మధ్యాహ్నానికి నా కథ కాళ్లూ చేతులూ మొలిపించుకుని తిరిగి నా దగ్గరికే వచ్చింది. అంజిలయ్య తన దొడ్డిలో పొట్టేలు నీడ నడవడం చూశానని ఒట్టు పెట్టాడు. ఇంకొకరి ఇంట్లో ఉట్టి ఊగిందట. నా జీవితంలో నేను చెప్పిన ఏ కథనూ వాడ ఇంత ప్రేమగా నమ్మలేదు.

"నీ నోరు పాడుగాను, ఒక్కసారన్నా పనికొచ్చింది" అంది బుచ్చమ్మ.

సాయంత్రం మళ్లీ అరుపులు. బొల్లి అరవడం, అటు నుంచి ఇటు నుంచి జవాబులు రావడం. ఎవరూ తలుపు తీయలేదు. నేను కూడా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. పొద్దున నేను పుట్టించిన దయ్యాన్ని చీకటి పడేసరికి నేనే నమ్మాను.

బొల్లి మేత మానేసింది. జొన్నలు పెడితే వాసన కూడా చూడలేదు. గటక పలచగా చేసి తాగించబోతే మూతి తిప్పుకుంది. చెన్నమ్మ ఇంటి వైపు గోడకు ముఖం పెట్టి నిలబడేది. గొర్రె ఒంటరిగా బతకదని నాకు తెలియదా? యాభై ఐదేళ్లు వాటి వెనక నడిచాను. తెలుసు. అయినా నా గొర్రెకది వర్తించదనుకున్నాను. రోగాన్ని గెలిచింది కదా!

బుచ్చమ్మ బీరువా అద్దం ఊడదీసి తెచ్చి దాని ముందు నిలబెట్టింది. బొల్లి తోక ఆడింది. అద్దంలోని గొర్రె ముఖం నాకింది, దాని పక్కన పడుకుంది, రెండు పిడికిళ్ల మేత తిన్నది. ఒక రోజు గడిచింది. రెండో రోజు పొద్దున అద్దం వెనక్కి పోయి చూసింది. అక్కడ గోడ ఉంది. మళ్లీ ముందుకు రాలేదు.

అప్పుడు నేను గొంగడి కప్పుకుని, మోకాళ్ల మీద పాకి, దాని పక్కన పడుకుని గొర్రెలాగా అరిచాను. కాపరినై అన్నేళ్లు తిరిగినవాణ్ని, వాసన అయినా వచ్చి ఉంటుందనుకున్నాను. అది నన్ను మూతి నుంచి మడమ దాకా వాసన చూసి ముఖం తిప్పుకుంది. నేను మనిషినేనని అది తేల్చేసింది.

"మణెమ్మకు ఫోన్ జెయ్యి. డాక్టరమ్మను రమ్మను. ఒక్క చుక్కనన్నా మిగులుతది" అంది బుచ్చమ్మ.

"రేపు చూద్దం. రేపు తింటదేమో."

ఆ రేపటి పొద్దున బొల్లి గోడకు ఆనుకుని ఉంది, నిలబడినట్టే. ముట్టుకుంటే చల్లగా తగిలింది. చుక్క తీయాల్సిన గంట ఎప్పుడో దాటిపోయింది.

గొంగడిలో చుట్టి పెరట్లోకి తెచ్చాను. గడ్డపార పట్టి తవ్వుతుంటే గోడ అవతల కూడా ఇంకో గడ్డపార చప్పుడు వినిపించింది. నేనాపితే అదీ ఆగింది. గోడ మీదుగా చూశాను. అంజిలయ్య మోకాలి లోతు గుంతలో నిలబడి ఉన్నాడు.

"ఏం తవ్వుతున్నవ్ బావా?"

"గుమ్మడి పాదుకు" అన్నాడు వాడు. "నువ్వు?"

"నేను గూడ గుమ్మడికే."

వాడి గుంత పక్కన గొంగడి మూట. నా గుంత పక్కన గొంగడి మూట. వాడి మూటలోంచి ఒక నల్లటి గిట్ట బయటికి వచ్చి ఉంది.

"ఎన్నడు పోయింది?" అన్నాను.

"మాపటేల. మేత ముట్టలే." వాడు గడ్డపార కింద పారేశాడు. "నువ్వే గదరా దయ్యాలని చెప్పినవ్!"

"నువ్వు పొట్టేలు నీడ జూసిన్నని ఒట్టు వెట్టలేదా?"

"నా గొర్రె అరుపు ఎవరు ఇన్నరో అని వెట్టిన! నీకు నిజంగ దయ్యాలు కనబడ్డయనుకున్న!"

ఒకరి వెనక ఒకరం వాడంతా తిరిగాం. చెన్నమ్మ పెరట్లో మట్టి ఇంకా తడిగా ఉంది, పైన నాలుగు గుమ్మడి గింజలు గుచ్చి ఉన్నాయి. ఆమె మమ్మల్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింట్లో అదే. ఆ పక్కింట్లోనూ అదే. తొమ్మిది ఇళ్లు, తొమ్మిది పాదులు. జ్వరం ముట్టలేని తొమ్మిది గొర్రెలు, గోడకు గోడ ఆనుకున్న తొమ్మిది అర్రల్లో, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ, ఒంటరిగా చచ్చాయి. తొమ్మిదింటిని ఒక్క దొడ్డిలో వదిలితే అదొక మంద.

ఎవరికీ చెప్పకూడదని చెన్నమ్మ గడప దగ్గర కూర్చుని ఒట్టు పెట్టుకున్నాం. ఆ ఏడు మా వాడలో కాసినంత గుమ్మడి ఎక్కడా కాయలేదు. ఎవరూ వండుకోలేదు.

రెండేళ్లకు డాక్టరమ్మ నన్ను కేంద్రానికి పిలిపించింది. పెద్ద అద్దం గోడ వెనక నల్ల గొర్రెలు తిరుగుతున్నాయి. సంచుల్లో పుట్టినవి, మా మందల దారాల నుంచి మొలిచినవి. మణెమ్మ లోపల తెల్ల కోటు వేసుకుని, మా పిలుపు పిలుస్తుంటే అన్నీ ఆమె వెంట నడుస్తున్నాయి. నాకు చూపు మసకబారింది. ముసలితనం అనుకోండి.

"ఎప్పుడు దోలుకపొమ్మంటవమ్మా?" అన్నాను.

డాక్టరమ్మ ఆ రోజు మాటకు ముందు నవ్వలేదు. పెట్టె తెర చూపించింది. గొంగడి ఉంది. దాని నిండా చిల్లులు. చదువు అక్కర్లేదు, నేత తెలిసిన ఎవడికైనా కనబడతాయి.

"వీటిని బయటికి పంపలేను పెద్దయ్యా. మీ ఊరి మన్ను పిడికెడు తెచ్చి మూడింటి మేతలో కలిపి చూశాం. ఏడో రోజు మూడూ తిరిగాయి. జ్వరం ఇంకా నేలలోనే ఉంది. ఎన్నేళ్లు ఉంటుందో తెలియదు." అద్దం వైపు చూసింది. "దాన్ని తట్టుకునే గుణం మీ జాతిలో ఉండేదని పాత నెత్తుటి మరకల్లో ఆనవాలు మాత్రం దొరికింది, పోగు మిగల్లేదు. తల్లి నుంచి కూతురికే పోయే గుణం. అట్లాంటిది ఒక్కటి, ఒక్క గొర్రె దొరికి ఉంటే ఇవన్నీ ఇంటికి వెళ్లేవి. ఎనిమిది వందల గొర్రెలను చదివాను. నాకు ఒక్కటీ తగల్లేదు. నా వెతకడంలోనే ఏదో లోపం ఉంది."

ఆమె రెండేళ్లుగా తనను తాను తిట్టుకుంటోందని అప్పుడు తెలిసింది. ఒట్టు ఒట్టే. కానీ ఆమె ముఖం చూశాక నా నోరు ఆగలేదు.

"నీ లోపం గాదు బిడ్డా. తొమ్మిది ఉండె. దాచినం."

ఆమె అలసటగా నవ్వింది. "ఇప్పుడు కథలు వద్దు పెద్దయ్యా."

"కథ గాదు. మా దాని పేరు బొల్లి. గరిసె ఎనక కట్టేసిన. ఆ రోజు తుమ్మింది బుచ్చమ్మ గాదు."

గుమ్మడి పాదుల దాకా అంతా చెప్పాను. డెబ్బై రెండేళ్లలో ఒక్క ముక్క కలపకుండా చెప్పింది అదొక్కటే. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. మణెమ్మ ఎప్పుడు బయటికి వచ్చిందో, నా వెనక నిలబడి ఉంది.

"నాకు గూడ చెప్పకపోతివా నాయినా?"

"దిష్టి తగుల్తదని..."

"ఎవల దిష్టి? నా దిష్టా?" ఆమె గొంతు పెంచలేదు. "ఆ మూడిటికి మన్ను కలిపిన మేత నా చేత్తోనే పెట్టిన. అవి నా ఎంబడి తిరుగుకుంట తిరుగుకుంట వడ్డయి. వీటికి నేల మీద గడ్డి ఎట్లుంటదో తెల్వదు. అద్దానికి మూతి ఆనిచ్చి చూస్తయి రోజూ."

ఈసారి చెప్పడానికి నా దగ్గర కథ లేదు.

డాక్టరమ్మ లేచి పోయి లావు పుస్తకం తెచ్చింది. అదే పుస్తకం. ఏటేటా మందను నమోదు చేయాలట, ఆ రోజే గడువట. పెట్టె అయితే చిటికెలో లెక్కపెట్టేది. మణెమ్మ పుస్తకం అందుకుని నా వైపు తిరిగింది.

"నువ్వు లెక్కవెట్టు నాయినా. వేలు వెట్టి, బయటికి ఇనబడేటట్టు."

అద్దం దగ్గరికి పోయాను. మా తాత చేయనిది, మా నాయన చేయనిది. వేలు ఎత్తాను.

"ఒకటి. రెండు. మూడు..."

గొర్రెలు తలలెత్తి నా వేలినే చూశాయి. నలభై ఒకటి దగ్గర మంద అయిపోయింది. మణెమ్మ ఎడమ గడిలో రాసింది. నేను వేలు దించలేదు. అద్దం అవతల గొర్రెల వెనక ఖాళీగా ఉన్న మూలకు చూపించాను.

"నలభై రెండు, బొల్లి. నలభై మూడు, అంజిలయ్యది, కొమ్ము ఇరిగింది. నలభై నాలుగు, చెన్నమ్మది, కర్రెచెవుల్ది..."

యాభై దాకా చెప్పాను. మణెమ్మ కలం పట్టుకుని డాక్టరమ్మ వైపు చూసింది. ఎడమ గడి పెట్టె చెప్పినదానికి. అందులో ఈ తొమ్మిదింటికి చోటు లేదు.

డాక్టరమ్మ పుస్తకం తన వైపు తిప్పుకుని, మబ్బులు మేసిన గొర్రెను రాసిన పేజీ వెతికింది. కుడి గడిలో, దాని కిందనే, తొమ్మిది పేర్లు ఒక్కొక్కటిగా రాసింది.